స్తోత్రం లేని కీర్తన: ఒక పాస్టరమ్మ కేస్ స్టడీ

ఆమె నా దగ్గరికి కౌన్సెలింగ్ కోసం రాలేదు. వాళ్ళ సంఘంలో ఒక నిండు గర్భిణిని స్కానింగ్‌కి తీసుకొచ్చింది. అక్కడ క్యూ పెద్దదిగా ఉంటే పక్కనే ఉన్న నా గదిలోకి తొంగి చూసి, "ఇక్కడ కాసేపు కూర్చోవచ్చా అక్కా? ఫ్యాన్ ఉంది కదా" అంది. 2023 నవంబరు. ఫ్యాన్ కావాల్సినంత ఉక్క కూడా లేదు ఆ రోజు.

ఇరవై నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. నేను నా రిజిస్టరు రాసుకుంటున్నాను. తర్వాత గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ అడిగింది: "ప్రార్థన చేసేటప్పుడు మీకు అవతల ఎవరో ఉన్నట్టు ఉంటుందా అక్కా?"

"ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. మీకు?"

"నాకు రింగ్ కూడా అవడం లేదు. స్విచ్ఛాఫ్ అని కూడా చెప్పడం లేదు."

కోస్తా ఆంధ్రలో ఒక మిషన్ ఆసుపత్రిలో నేను పాస్టోరల్ కౌన్సిలర్‌ని, అంటే కష్టంలో ఉన్నవాళ్ళ మాట విని, వాక్యంతో, ప్రార్థనతో ఆదరించే పని. ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. ఊరు, వయసు, ఇంకొన్ని గుర్తులు మార్చాను. రాసింది తనకి చూపించాను కూడా. ఒక్కచోట పెన్నుతో దిద్దింది. అదేమిటో చివర్లో చెప్తాను.

నేపథ్యం

వయసు 46. భర్త పల్లెటూరి సంఘానికి కాపరి. సండే స్కూలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, స్త్రీల కూడిక అన్నీ ఈమె మీదే నడుస్తాయి. పెద్దమ్మాయి పెళ్ళయి హైదరాబాదులో ఉంటోంది. కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతూ 2022 సెప్టెంబరులో డెంగీతో పోయాడు.

ఆ ఐదు రోజుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆమె గాయం అక్కడే ఉంది. సంఘమంతా గంటకొకరు చొప్పున ప్రార్థన గొలుసు కట్టారు. నాలుగో రోజు జ్వరం దిగింది. ఆ రాత్రి ఈమె తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి, దేవుడు విన్నాడు, స్తోత్రం చెప్పండి అంది. డెంగీలో జ్వరం దిగే సమయమే కొందరికి అసలు గండం. వాళ్ళకి రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, బయటికి కారి బీపీ పడిపోతుంది. ఈ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం అబ్బాయి ఐసీయూలోకి వెళ్ళాడు, రాత్రికి అయిపోయింది. "ముందే థాంక్స్ చెప్పేశాను అక్కా. ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నాడు." మొదటి రెండు నెలల్లో ఈ మాట నా నోట్సులో నాలుగుసార్లు ఉంది.

ఇంకొకటుంది. మన తెలుగు సంఘాల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక పళ్ళెంలోంచి వాగ్దాన కార్డు తీసుకుంటారు కదా. 2021 చివరి రాత్రి ఆమెకి వచ్చింది యెషయా 41:10. "నీకు తోడైయున్నాను భయపడకుము." దాన్ని బీరువా అద్దానికి టేపుతో అంటించుకుంది. అది అంటించిన తొమ్మిదో నెలలో కొడుకు పోయాడు. కార్డు తీసేయలేదు, అలాగని చూడనూ లేదు. తల దువ్వుకోవడం పక్కగదిలోకి మార్చుకుంది.

భర్త మూడో ఆదివారమే ప్రసంగ వేదిక ఎక్కాడు. జనం మెచ్చుకున్నారు. ఆమెకి మాత్రం ఎవరి దగ్గరా నోరు విప్పే చోటు లేదు. ఊళ్ళో ఎవరికి కష్టమొచ్చినా ఈమె దగ్గరికే వస్తారు మరి. అంత్యక్రియల్లో విన్న మాటలు ఇంకా చెవుల్లో ఉన్నాయి: దేవుడికి వాడంటే ఎంత ప్రేమో తీసేసుకున్నాడు, సమస్తమును సమకూడి మేలుకే జరుగుతాయి, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోండి. ఈ చివరిది అన్నావిడ సొంత ఆడబిడ్డ.

ముందు రొట్టె, నీళ్ళు

రెండోసారి వచ్చినప్పుడు పిహెచ్‌క్యూ-9 చేశాను. కుంగుబాటు ఎంతుందో చూసే తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి. 27కి 16 వచ్చింది. పది దాటితే మేం మానసిక వైద్యుడికి చూపిస్తాం. రాత్రి రెండుకి మెలకువ వచ్చేస్తోంది, ఆరు కేజీలు తగ్గింది, పండగకి పిండివంటలు చేసి ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. దానికి కాసేపాగి, "చేసుకోను అక్కా. కానీ పొద్దున్నే లేవకపోతే బాగుండనిపిస్తుంది" అంది.

ఇలాంటి మాట విన్నాక బైబిలు తెరవడం రెండో పని. డాక్టరు గారి దగ్గరికి వెళ్దామంటే భయపడింది. "పాస్టరమ్మకి పిచ్చెక్కిందంటారు." అప్పుడు ఏలీయా గురించి మాట్లాడాను, మొదటి రాజులు 19వ అధ్యాయం. ఆమెకి కంఠతా వచ్చిన కథే. కర్మెలు మీద అంత గెలిచిన ప్రవక్త చెట్టు కింద కూలబడి, నా ప్రాణం తీసుకో అంటాడు. నేను ఒక్కటే అడిగాను: "అప్పుడు దేవుడు ఏం బోధించాడు?" ఆలోచించింది. "ఏమీ బోధించలేదు. పడుకోనిచ్చాడు. రొట్టె, నీళ్ళు పెట్టించాడు." కాసేపాగి, "రెండుసార్లు పెట్టించాడు" అంది. హోరేబు కొండ మీద మాటలు ఆ తర్వాత నలభై రోజులకి.

ఆ గురువారమే డాక్టరుని కలిసింది. ఆయన మందు మొదలుపెట్టి, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పారు. రాత్రి రెండింటికి ఎవరూ లేనప్పుడు వాడుకోమని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఆమె ఫోన్‌లో నేనే సేవ్ చేశాను. తెలుగులో మాట్లాడతారు. "ఏ పేరుతో సేవ్ చేయమంటారు?" అంటే "ఏలీయా అని పెట్టండి" అంది. నవ్వింది అనుకుంటాను.

వచ్చేటప్పుడు ఇంకో మాట కూడా అంది: "ఇక్కడ నన్ను పాస్టరమ్మా అనకండక్కా." అప్పటినుంచి చెల్లెమ్మా అంటున్నాను.

నా తప్పు

మూడోసారి నేను తొందరపడ్డాను. 42వ కీర్తన తెరిచాను. దుప్పి నీటివాగుల కోసం ఆశపడే కీర్తన. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు" దగ్గర ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఆగకుండా తర్వాతి మాటకి వెళ్ళి, ఇంకా ఆయన్ని స్తుతిస్తానంటున్నాడు చూశారా అని వివరించడం మొదలుపెట్టాను.

ఆమె మర్యాదగా విని, "ఇది నేను స్త్రీల కూడికలో మూడుసార్లు చెప్పానక్కా. పాయింట్లు కూడా ఉన్నాయి, మూడు" అంది.

తర్వాత రెండు గురువారాలు రాలేదు.

మా ట్రైనింగులో వెర్బాటిమ్ రాయడం నేర్పుతారు. సెషను అయ్యాక గుర్తున్నంతవరకు ఎవరేమన్నారో నాటకంలా వరసగా రాసి సూపర్‌వైజరుకి చదివి వినిపించాలి. ఆ రోజుది రాసి చూసుకుంటే నావి ఇరవై ఏడు లైన్లు, ఆమెవి తొమ్మిది. ఆ తొమ్మిదిలో మూడు "అవునక్కా"లు. సూపర్‌వైజరు ఒక్క మాటే అన్నారు: "యోబు స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా నేల మీద కూర్చున్నారు. అప్పటిదాకా బానే ఉన్నారు." సిగ్గేసింది. చివర్లో దేవుడు కోప్పడింది నిలదీసిన యోబు మీద కాదు, తనని వెనకేసుకొచ్చిన ఆ స్నేహితుల మీద. ఈ సంగతి నేను ఎన్నిసార్లు బోధించానో లెక్కలేదు.

ఫోన్ చేసి, పోయినసారి నేను ఎక్కువ మాట్లాడాను, ఈసారి వింటాను అన్నాను. వచ్చింది.

88వ కీర్తన

ఈ సెషను గురించే నిజానికి ఈ వ్యాసం.

ఆ రోజు 88వ కీర్తన ఆమెనే చదవమన్నాను. పద్దెనిమిది వచనాలు. ఏడాదికోసారి బైబిలు మొత్తం పూర్తిచేసే మనిషి కాబట్టి ఇది ఇరవై సార్లయినా ఆమె కళ్ళ ముందు నుంచి వెళ్ళి ఉంటుంది. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించింది. చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను." అక్కడ ఆగి పేజీ తిప్పింది. అవతల 89 మొదలైంది. మళ్ళీ వెనక్కి తిప్పింది, వేలితో ఆఖరి లైను కింద గీసినట్టు చూసుకుంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"స్తోత్రం ఏదక్కా?"

"లేదు."

"ఇది బైబిల్లో ఉందా!"

బైబిలు ఆమె చేతిలోనే ఉంది. నేనేమీ అనలేదు. బయట స్కానింగ్ దగ్గర టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. నలభై ఒకటి, నలభై రెండు. నలభై ఆరు దాకా పిలిచాక ఆమె మాట్లాడింది.

"వాడు పోయాక పెట్టిన ఆదరణ కూడికకి మూడొందల మంది వచ్చారక్కా. బిర్యానీ పెట్టాం. మర్నాటికి కుర్చీలు, షామియానా తీసుకుపోయారు. పెద్దమ్మలు, పిన్నులు అందరూ బస్సెక్కేశారు. ఆ సాయంత్రం నుంచి ఇదిగో, ఇదొచ్చి కూర్చుంది. బంధువులాగే. పొమ్మనడానికి లేదు. పొద్దున్నే లేస్తే ఎదురుగా ఉంటుంది. అన్నం పెట్టాలి దానికి." తర్వాత ఏడ్చింది. కొడుకు పోయాక గట్టిగా శబ్దం చేసి ఏడ్వడం అదే మొదటిసారట.

మన తెలుగు బైబిలులోని ఆ "బంధువర్గము" అన్న మాట అప్పటిదాకా నేను చేయలేని పని ఆ రోజు చేసింది. చీకటిని స్నేహితుడంటే ఆమె పట్టించుకునేది కాదేమో. చుట్టం అంటే వెంటనే తెలిసింది.

ఆ కీర్తన గురించి తర్వాత రెండు వారాలు మాట్లాడుకున్నాం. కీర్తనల్లో మొరపెట్టేవి చాలా ఉన్నాయి. చాలావాటిలో చివరికి ఎక్కడో ఒక మలుపు వస్తుంది, నమ్మకమో స్తుతో. 88లో అది రాదు. పైన శీర్షికలో కోరహు కుమారుల పేరుంది. వాళ్ళు ఆలయంలో పాడేవాళ్ళు. అంటే ఈ మాటలు ఎవరో చాటుగా రాసుకున్న డైరీ కాదు, జనం మధ్య పాడిన పాట. సంకలనం చేసినవాళ్ళు ఎవరో గానీ, చివర ఒక హల్లెలూయ అతికించడం వాళ్ళకి కష్టమేమీ కాదు. అతికించలేదు. ఇంకో విషయం ఆమే పట్టుకుంది: పద్దెనిమిది వచనాల్లో ఒక్కటీ దేవుడి గురించి ఎవరికో చెప్తున్నట్టు లేదు, అన్నీ ఆయనతోనే అంటున్నట్టున్నాయి. "అంటే లైన్ కట్ చేయలేదు" అంది.

రికార్డు బుక్కు

ఐదో సెషను నుంచి ఒక పని పెట్టాను. గ్రాంథికంలో ఉన్న కీర్తనని ఇంట్లో మాట్లాడుకునే భాషలో తిరగరాయాలి. బోధించడానికి కాదు, ఎవరికీ చూపించనక్కర్లేదు. మన పాత తెలుగు బైబిలు భాష ఆమెకి ప్రాణం. కానీ అందులో ప్రార్థించేటప్పుడు ఆమె తెలియకుండానే వేదిక మీది గొంతులోకి వెళ్ళిపోతుంది. ఆ గొంతులో కోపం పలకదు.

మరుసటి వారం కొడుకు కాలేజీ రికార్డు బుక్కు తెచ్చింది. ముందు పేజీల్లో వాడి లెక్కలు, పెన్సిల్‌తో గీసిన సర్క్యూట్లు. సగం ఖాళీ. ఆమె వెనక నుంచి మొదలుపెట్టింది. 13వ కీర్తన, చిన్నది, ఆరే వచనాలు. ఆమె అనుమతితో రెండు లైన్లు ఇస్తున్నాను:

"ఏందయ్యా, ఇంకెన్నాళ్ళు నన్ను మర్చిపోతావు? అసలుకే మర్చిపోయావా? మొహం అటు తిప్పుకుని కూర్చున్నావు, నేను ఇటు కూర్చుని ఎంతసేపని పిలిచేది."

నాలుగు వచనాలు రాసింది. ఆ తర్వాత ఐదు, ఆరు అంకెలు వేసి పక్కన ఖాళీ వదిలింది. ఆ రెండిట్లోనే కీర్తనకారుడు కృపని నమ్ముకున్నానంటాడు, పాడతానంటాడు. "ఇవి నాకు ఇంకా రావక్కా." వదిలేయమన్నాను. నా వృత్తిలో తీసుకున్న మంచి నిర్ణయాల్లో అదొకటి అనుకుంటాను. అక్కడ పూర్తిచేయించి ఉంటే నాలుగో పాయింటు అయ్యేది.

దేవుణ్ణి ఇలా అడగడం పాపం కాదా అని ఆమెకి చాలాకాలం బెంగ. నేను యిర్మీయాని, యోబుని చూపించాను. ఆమెతో అనలేదు గానీ నాకు లోపల ఇంకోటి తట్టింది: దేవుణ్ణి నిలదీయడం మన తెలుగునేలకి కొత్తేం కాదు. భద్రాచలం రామదాసు గోల్కొండ చెరసాలలో రాముణ్ణి ఎంతెంత మాటలన్నాడో మనందరికీ తెలుసు. అలక అనేది పరాయివాళ్ళ మీద రాదు.

భర్తతో ఒక సెషను మాత్రం సరిగ్గా సాగలేదు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడాయన. రికార్డు బుక్కు చదివి, "ఇలాంటివి బయటికొస్తే విశ్వాసులు తొట్రిల్లుతారండీ" అన్నాడు. ఆయన కష్టం ఆయనది. ప్రతి ఆదివారం ఏదో ఒకటి చెప్పాలి కదా. వెళ్ళేటప్పుడు మాత్రం ఆ పుస్తకాన్ని ముందువైపు నుంచి తిప్పి, వాడి చేతిరాత ఉన్న పేజీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

నాలుగో మాట

2024 మార్చి 29 గుడ్ ఫ్రైడే. పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటల ఆరాధన. ఒక్కో మాట ఒక్కొక్కరు చెప్తారు. ఏటా మూడో మాట ఈమెకే ఇస్తారు, "అమ్మా, యిదిగో నీ కుమారుడు" అన్నది. ఆడవాళ్ళకి అదే ఇవ్వడం మన దగ్గర అలవాటు. 2023లో కూడా అదే ఇచ్చారట. కొడుకు పోయిన ఆరు నెలలకి! ఇచ్చినవాళ్ళకి తట్టలేదు, ఆమె కాదనలేదు. నిలబడి చెప్పేసి, వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుంది.

ఈసారి భర్తని అడిగింది, నాలుగోది నాకివ్వండి అని. ఏం చెప్తావని ఆయన అడగలేదు. ఇచ్చాడు.

నాలుగో మాట 22వ కీర్తన మొదటి వాక్యమే. కీర్తనల్లో తెలుగు "నన్నేల విడనాడితివి" అని ఉంటుంది. మత్తయి 27:46కి వచ్చేసరికి "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అయింది. ఆ "చెయ్యి" మీదే ఆమె మాట్లాడింది. ఫోన్‌లో రికార్డు చేసి నాకు వినిపించింది, ఏడు నిమిషాలు. మధ్యలో మైకు గుయ్యిమంది. ఐసీయూలో వాడి చెయ్యి పట్టుకుని ఉంటే నర్సమ్మ మెల్లగా తన వేళ్ళు విడదీసిందని, ఈ వచనం ఎప్పుడు చదివినా ఆ వేళ్ళే గుర్తొస్తాయని చెప్పింది. "యేసయ్యకి కూడా చెయ్యి వదిలేసినట్టే అనిపించింది. ఆ మాట ఆయన ఎవరితో అన్నాడు? వదిలేశాడనుకున్న తండ్రితోనే అన్నాడు. నాకు తెలిసింది ఇంతవరకే. మిగతాది తెలిశాక చెప్తాను." కూర్చుంది. ఐదో మాట చెప్పాల్సినాయన లేవడానికి కొంచెంసేపు పట్టింది.

బయటికొచ్చాక ఒక ముసలావిడ వచ్చి ఏమీ అనకుండా చెయ్యి పట్టుకుందట. ఎప్పుడో ఇద్దరు ఆడపిల్లల్ని పోగొట్టుకున్నావిడ. ఇరవై ఏళ్ళుగా ఒకే సంఘం. ఈ విషయం ఈమెకి అప్పటిదాకా తెలీదు.

ఇది చదివి పనిలో పెట్టాలనుకునేవాళ్ళకి

88వ కీర్తన అందరి చేతికీ ఇచ్చి పంపించేది కాదు. చావు ఆలోచన బలంగా ఉన్న మనిషికి దాన్ని ఇచ్చి, చదువుకోండి, వచ్చే వారం కలుద్దాం అనకూడదు. ఈమె విషయంలో అప్పటికే మందు మొదలై నెల దాటింది, నిద్ర కొంత కుదిరింది, చదివినంతసేపూ నేను పక్కనే ఉన్నాను. వాగ్దాన వచనాలు పనికిరావని కూడా నేననడం లేదు. ఈమెకి అవి ఆ సమయానికి మూసుకుపోయిన తలుపులు, అంతే. మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో బయటికొచ్చాక, దాదాపు యాభై ఏళ్ళపాటు ఆమెకి దేవుడి సన్నిధి తెలియలేదని లోకానికి తెలిసింది. ఆ సంగతి చెల్లెమ్మకి చెప్తే ఆదరణ పొందుతుందనుకున్నాను. "యాభై ఏళ్ళా!" అని హడలిపోయింది. ప్రతి మంచి సంగతీ ప్రతివాళ్ళకీ మందు కాదు.

2024 జులై నాటికి స్కోరు 7. మందు కొనసాగుతోంది, ఎప్పుడు తగ్గించాలో డాక్టరు గారు చూసుకుంటున్నారు. తల దువ్వుకోవడం మళ్ళీ బీరువా అద్దం ముందుకొచ్చింది. టేపు పచ్చబడిపోయినా కార్డు అక్కడే ఉందట. తీసేయాలనిపించలేదా అంటే, "ఉండనీండక్కా. ఇచ్చిన మాట ఆయనది, ఆయనే చూసుకోవాలి" అంది. రికార్డు బుక్కులో 13వ కీర్తన ఐదో వచనం పక్కన ఒక లైను వచ్చింది. నాకు చూపించలేదు. ఆరు ఇంకా ఖాళీ.

ఇక ఆమె దిద్దినచోటు. ఈ వ్యాసం మొదటి ప్రతిలో నేను చివర్లో "ఆమెకి వాక్యంలో ఆదరణ దొరికింది" అని రాశాను. "దొరికింది" మీద అడ్డంగా ఒక గీత గీసి, పైన చిన్న అక్షరాలతో రాసింది: "దొరుకుతా ఉంది, అప్పుడప్పుడు."